చప్పుడు చేయని కంప్యూటరు, నాన్న పద్యం

ఒక ఆదివారం సాయంత్రం పధ్నాలుగు మంది మర్యాదస్తులను, అందులో ఇద్దరు మోకాళ్ళ నొప్పులవాళ్ళను, మా హాల్లోంచి వీధిలోకి పరుగు తీయించిన ఘనత నాది. నేను అరవలేదు, కర్ర తీయలేదు, పాము వచ్చిందని చెప్పలేదు. ఒక్క చప్పుడు కూడా చేయలేదు. అసలు చప్పుడు చేయకూడదనే నెల రోజులు చెమటోడ్చాను. ఆ చెమట ఎంత ఘనంగా ఫలించిందో చెబుతాను, కూర్చోండి. చేతిరుమాలు ఉంటే దగ్గర పెట్టుకోండి.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఉష్ణం అనే పాఠం నా సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. పిల్లలకు అర్థమయ్యేదో లేదో గానీ, నా పాఠం మీద నాకు మాత్రం చెప్పలేనంత గౌరవం ఉండేది. ఇంట్లో కాఫీ చల్లారిపోయినా, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయినా, అందరికంటే ముందు కారణం చెప్పేది నేనే. రిపేరు మాత్రం మా ఆవిడ రజని చేయించేది.

ఆ ఏడాది నేను హాల్లో టీవీకి ఒక కంప్యూటర్ తగిలించాను. సినిమాలు, పాటలు, పెళ్ళి వీడియోలు, అన్నీ దాంట్లోనే. పెద్ద స్పీకర్లు కూడా పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "హోం థియేటర్" అని చూపించేవాణ్ణి. మా థియేటర్‌లో లోపం ఒక్కటే. సినిమా మొదలైన నిమిషానికే కంప్యూటర్ లోపలున్న చిన్న ఫ్యాను గుయ్యిమని లేచేది. మాకు అది గుయ్యి. నాన్నకు అది ఉప్పెన. ఎందుకంటే నాన్న చెవిలో వినికిడి మిషను ఉంది. అది మంచి చప్పుడనీ చెడ్డ చప్పుడనీ చూడదు, దొరికినదాన్నల్లా పెద్దది చేసి చెవిలో పోస్తుంది.

"ఒరేయ్ శ్రీనూ, ఈ టీవీలో పిండిమర ఆడతందేందిరా?" అన్నాడు నాన్న మొదటిరోజే.

"పిండిమర కాదు నాన్నా, ప్రాసెసర్ ఫ్యాను."

"ప్రాసెసరంటే?"

"కంప్యూటర్‌కి మెదడు నాన్నా. ఆలోచిస్తే వేడెక్కుద్ది. ఫ్యాను చల్లబరుస్తది."

"నేను ముప్పై ఆరేళ్ళు పిల్లకాయలకి లెక్కలు చెప్పా. నా మెదడుకెవుడూ ఫ్యాను పెట్టలా," అని మిషను తీసి డబ్బాలో పెట్టుకుని, వరండాలోకి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు నెలలు ఆయన మాతో కూర్చుని టీవీ చూడలేదు.

ఇక్కడ నాన్న గురించి కొంచెం చెప్పాలి. సాంబయ్య మేష్టారంటే బడిపిల్లలకు లెక్కల మేష్టారు. కానీ వయసులో ఉన్నప్పుడు ఆయన పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. పల్నాడులో తిరునాళ్ళ స్టేజీలన్నీ ఎక్కాడు. హార్మోనియం వాయించేది మస్తాన్ మామ. మా ఊళ్ళోనే రేడియోలు బాగుచేసేవాడు, నాన్నకు తమ్ముడిలాంటివాడు. మంత్రి వేషం మాచర్ల కోటయ్య బాబాయ్‌ది. ఆయన నాన్నకు స్నేహితుడూ, పక్కలో ముల్లూ.

ముల్లు ఎలా అయ్యాడంటే, ఎప్పుడో గురజాలలో ఆడిన ఒక నాటకంలో, ఆఖరి పద్యానికి రాగం తీస్తూ తీస్తూ నాన్న దగ్గాడని కోటయ్య బాబాయ్ అంటాడు. దగ్గలేదని నాన్న అంటాడు. అంతే గొడవ. వినడానికి ఇది ఒక గొడవేనా అనిపిస్తుంది మీకు. కానీ ఇది పాతికేళ్ళు నడిచింది. ఏ పెళ్ళిలో భోజనాల బంతి మీద కూర్చున్నా బాబాయ్ మొదలుపెట్టేవాడు. "మా రాజుగారు రాగం తీసి, తీసి, అక్కడ ఆపి, ఖళ్ళున దగ్గాడయ్యా!" బంతి బంతంతా నవ్వేది. నాన్న తలవంచుకుని పప్పు కలుపుకునేవాడు. చివరికి కోటయ్య వస్తాడని తెలిస్తే ఆ పెళ్ళికి పోవడం మానేశాడు. నవ్వులాటే అది, కానీ నాన్నకు నవ్వు రాలేదు. ఆయన జీవితంలో గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క రాగమే. దాన్ని దగ్గు చేసేశారు.

అలాంటి సమయంలో ఆ నాటకం వీడియో క్యాసెట్ గురజాలలో ఎవరింటి అటక మీదో దొరికింది. గుంటూరులో ఒకచోట ఇచ్చి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చాను. బొమ్మ వస్తుందో లేదో చూడబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. కోటయ్య వచ్చిందాకా ఎవురూ వినటానికి లేదు. ముందే విని ఏదన్నా మార్చామంటాడు."

ఫోన్ చేశాడు. స్పీకర్లో పెడితే బాబాయ్ గొంతు మాచర్ల నుంచి హాలంతా నిండింది.

"సాంబా, వస్తా. నలుగుర్నీ తీసుకునే వస్తా. దగ్గు లేకపోతే అందరి ముందరా నీకు శాలువా కప్పి, ఇక జన్మలో ఆ మాట ఎత్తను. దగ్గు ఉంటే మాత్రం, రాజు వేషం కట్టానని ఇంకెక్కడా చెప్పుకోమాకు."

"సరే రా," అన్నాడు నాన్న. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నా పద్యం నా చెవుల్తో నేను వినాలి. ఆ పిండిమర సంగతి ఏందో చూడు."

చూశారా, బాధ్యత ఎంత పెద్దదో! నాన్న పరువు, వినికిడి మిషను, మధ్యలో ఉష్ణం పాఠం చెప్పే నేను.

మొదటి ప్రయత్నంగా ఫ్యాను వేగం తగ్గించాను. చప్పుడు తగ్గింది. మే నెల కదా, పాట సగంలో కంప్యూటర్ కూడా తగ్గి, నల్లగా మారి ఆరిపోయింది. రెండో ప్రయత్నంగా కంప్యూటర్ డబ్బా చుట్టూ బొంత చుట్టాను. అమ్మ వచ్చి చూసి నిలబడిపోయింది.

"జొరమొచ్చినోడికి కప్పినట్టు కప్పావేందిరా దాన్ని?"

"సౌండు బయటికి రాకుండా అమ్మా."

అమ్మ బొంత మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకుంది. "కాలిపోతందిరా సచ్చినోడా! ఆ బొంత మా అమ్మ కుట్టింది!"

మూడోసారి కంప్యూటర్ షాపుకు వెళ్ళాను. షాపతను ఓపికమంతుడు. "సార్, ప్రాసెసర్ మీద పెద్ద హీట్‌సింక్ బిగిద్దాం," అని అల్యూమినియం రేకుల దొంతర ఒకటి, ఇటుకంత ఉంది, బల్ల మీద పెట్టాడు. "దీనికి పెద్ద ఫ్యాను. చిన్న ఫ్యాను గింగిరాలు తిరిగితేనే మోత సార్. పెద్దది నిదానంగా తిరిగినా అంత గాలీ వచ్చుద్ది, చప్పుడుండదు. కాకపోతే గాలి పోయేకాడ జాలీ పెట్టుకోండి. దుమ్ము ఆపుద్ది."

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది. "జాలీ పెడితే గాలికి అడ్డం కదయ్యా! గాలి తగ్గితే వేడి పెరుగుద్ది. వేడి పెరిగితే ఫ్యాను జోరుగా తిరుగుద్ది. అంటే చప్పుడు. నేను ఫిజిక్స్ లెక్చరర్ని."

"మన ఊళ్ళో దుమ్మెక్కువ సార్."

"మా ఇంట్లో దుమ్ముండదు," అన్నాను. నిజమే, దుమ్ము లేదు.

ఇంటికి వచ్చాక నా బుర్రకు ఇంకో మెరుపు తగిలింది. ప్రాసెసర్‌కు హాల్లో వేడిగాలి ఎందుకు ఇవ్వాలి? మా హాలుకు ఆనుకుని సామాన్ల గది ఉంది. కిటికీ లేదు, ఎండ పడదు, కింద నాపరాళ్ళు. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. వేసవిలో అమ్మ చాప వేసుకునేది అక్కడే. ఆ గదిలో గాలిని గొట్టంతో లాక్కుని, ప్రాసెసర్ మీదుగా పంపి, హాల్లోకి వదిలితే? కంప్యూటర్‌ను టీవీ స్టాండు లోపల పెట్టి తలుపు మూసేస్తే ఉన్న కాస్త చప్పుడు కూడా బయటికి రాదు. చల్లని గాలి బరువు కాబట్టి కిందనే ఉంటుంది. అందుకని గొట్టం మూతి గదిలో నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. ఇంత తెలివి ఒకే రోజున వచ్చిన మనిషి ఇంకెవరైనా ఉంటారా అని నాకు నేనే ముచ్చటపడ్డాను.

నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం తెచ్చి, గోడకు రంధ్రం కొట్టించాను. అమ్మ బజారు నుంచి వచ్చేసరికి గది నిండా ఇటుక పొడి.

"గోడకి బొక్కేందిరా?"

"బొక్క కాదమ్మా, గాలి వచ్చే దోవ."

"ఎలకలొస్తాయి. గుడ్డ కుక్కుతా ఉండు."

"అమ్మా! దానికేదీ అడ్డం పెట్టటానికి లేదు. బస్తా పెట్టొద్దు, డబ్బా పెట్టొద్దు, గుడ్డ అసలే వద్దు. దాని ముందు జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. నాన్న పద్యం దాని మీదే ఆధారపడి ఉంది."

అంతటితో ఆగకుండా, పెద్ద అక్షరాలతో "అడ్డం పెట్టరాదు" అని కాగితం మీద రాసి గొట్టం పైన అంటించాను. అమ్మ నా వైపు అదోలా చూసింది గానీ, మాట మాత్రం తూచా తప్పకుండా పాటించింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అమ్మ తప్పు ఒక్క ఆవగింజంత కూడా లేదు.

సాయంత్రం పాత పాట ఒకటి పెట్టి నాన్నను పిలిచాను. ఆయన మిషను పెట్టుకుని, భయం భయంగా కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలు అయింది.

"అది ఆడతందా, ఆగిపోయిందా?"

"ఆడతంది నాన్నా."

"మోత లేదేందిరా!" అని కుర్చీలో వెనక్కి వాలాడు. పాటలో వెనక వాయించిన ఫిడేలు కూడా వినపడుతోందని అమ్మను పిలిచి మరీ చెప్పాడు. రెండు నెలల తర్వాత ఆయన హాల్లో కూర్చుని పాట మొత్తం విన్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ రాత్రి అన్నం కూడా రెండోసారి పెట్టించుకున్నాను.

ఇక ఆదివారం వచ్చింది. పొద్దున్నే అమ్మా రజనీ ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు మరకు తీసుకెళ్ళి కారం పట్టించుకొచ్చారు. మా పల్నాడు కారం సంగతి నేను చెప్పాలా? మరలోంచి వచ్చిన కారం చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. అలాగే జాడీలోకి ఎత్తితే చెమ్మ పట్టి, రంగు మారి పాడైపోతుంది. పాత చీర పరిచి, పల్చగా ఆరబోసి, బాగా చల్లారాక ఎత్తుకోవాలి. ఇంట్లో చుట్టాలు వస్తున్నారు, హాలు కుదరదు. డాబా మీద గాలి. కాబట్టి అమ్మ సామాన్ల గదిలో చీర పరిచింది. చీర పరుస్తుంటే ఆవిడకు ఒక విషయం తెలిసింది. నేను హాల్లో పాట పెట్టి సరిచూసుకుంటున్నాను కాబట్టి, ఆ గొట్టం దగ్గర సన్నగా గాలి ఆడుతోంది! కారం తొందరగా చల్లారడానికి అంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు. గొట్టానికి ఏమీ అడ్డం పెట్టలేదు. దాని ముందు నేల మీద, పల్చగా, మెత్తగా, ఎర్రగా ఆరబోసి తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

అంటే అప్పుడు మా ఇంట్లో చల్లబడుతున్నవి రెండు. ఒకటి ప్రాసెసరు, రెండోది కారం. రెండింటికీ గాలి ఒక్కటే.

నాలుగు గంటలకు కోటయ్య బాబాయ్ మాచర్ల నుంచి నాటకాల వాళ్ళను వెంటేసుకుని దిగాడు. చేతిలో శాలువా లేదు. "తేలేదే బాబాయ్?" అన్నాను. "అవసరం పడదులే," అన్నాడు. నాన్న మిషను చెవిలో సర్దుకున్నాడు. ముందు వరసలో మూడు కుర్చీలు వేశాం. మధ్యలో నాన్న, కుడిపక్క బాబాయ్, ఎడమపక్క మస్తాన్ మామ. వెనక మిగతావాళ్ళూ అమ్మా రజనీ. టీవీ స్టాండు కింది సందులోంచి వచ్చే గాలి సరిగ్గా ఆ మూడు కుర్చీల మీదికే వస్తుంది. నా ప్లాను అది. పెద్దవాళ్ళకు గాలి తగలాలి కదా.

"శ్రీనూ, ఆ కూలర్ కట్టెయ్యి," అన్నాడు నాన్న. "చెవిలో గోల."

కూలర్ కట్టేశాను. పై ఫ్యాను కూడా కట్టేశాను. వీధి చప్పుడు రాకుండా కిటికీలు మూశాను, తలుపులు మూశాను. ఇంకేమైనా మూయడానికి ఉందా అని ఇల్లంతా చూశాను. ఆ తర్వాత ఇంకో ఘనకార్యం చేశాను. పాత క్యాసెట్ బొమ్మ మసగ్గా ఉంటుందని, చూస్తుండగానే బొమ్మను బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. దాని వల్ల ప్రాసెసర్‌కు పని నాలుగింతలు. పని పెరిగితే వేడి, వేడి పెరిగితే ఫ్యాను, ఫ్యాను పెరిగితే గాలి. చప్పుడు మాత్రం లేదు. షాపతను చెప్పింది అక్షరాలా నిజం.

నాటకం మొదలైంది. కిరీటం పెట్టుకున్న నాన్న తెర మీదికి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. మీసం చూసి అమ్మ సిగ్గుపడింది. పావుగంట హాయిగా గడిచింది. అప్పుడు కోటయ్య బాబాయ్ తుమ్మాడు.

"వదినా, పొయ్యి మీద ఏందో మాడతంది చూడు."

"పొయ్యి ఆర్పే వచ్చి కూర్చున్నా కోటయ్యా," అంది అమ్మ.

మస్తాన్ మామ రెండుసార్లు తుమ్మాడు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. రజని నా చెవి దగ్గరకు వంగింది. "ఏవండీ, ఏదో ఘాటుగా లేదూ?"

"ఉండవే, ఆఖరి పద్యం వస్తంది."

తెర మీద రాజుగారు కత్తి పైకెత్తి పద్యం అందుకున్నాడు. ఇక్కడ నాన్న కదలకుండా కూర్చున్నాడు. ముఖం టమాటాలా ఎర్రబడింది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. మస్తాన్ మామ అది చూసి కరిగిపోయాడు. "చూడండ్రా! అన్నకి కన్నీళ్ళు ఆగటల్లా. కళాకారుడంటే అదీ!" అని తన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అలా తుడుచుకోవడం పెద్ద పొరపాటని మరుక్షణం తెలిసింది. "యా అల్లా! కళ్ళు మండుతున్నాయేందిరా!"

నాన్న ఎందుకు కదల్లేదో నాకు తర్వాత చెప్పాడు. ఆయన గొంతులో దగ్గు ఎప్పుడో బయలుదేరింది. కానీ పక్కన కోటయ్య ఉన్నాడు. పాతికేళ్ళ దగ్గు కేసు ఇవాళ తేలుతుంటే, ఆయన ముందు దగ్గితే ఇంకేమైనా ఉందా? ప్రాణం పోయినా సరే దగ్గకూడదని కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు.

అందరూ కర్చీఫులు తీస్తున్నారు. నాకు అర్థమైంది ఒక్కటే, హాల్లో ఉక్క ఎక్కువైంది, గాలి చాలడం లేదు. నా దగ్గర మందు ఉంది కదా! లేచి నిలబడి, ఇప్పటికీ మా బంధువుల్లో నన్ను వెక్కిరించడానికి వాడే ఆ మాట అన్నాను. "ఒక్క నిమిషం ఓర్చుకోండి. స్వచ్ఛమైన చల్లగాలి తెప్పిస్తా."

కంప్యూటర్ ఫ్యానును ఫుల్లు స్పీడులో పెట్టాను.

కిటికీ రెక్కల సందులోంచి ఎండ ఒక పట్టీలాగా హాల్లో పడుతోంది. ఆ ఎండలో, టీవీ స్టాండు కింది నుంచి, ఎర్రటి పొగ నిదానంగా లేవడం కనిపించింది. అప్పటికే ప్రాసెసర్ మీద రేకుల్లో కారం దట్టంగా పేరుకుని, ఆ వేడికి దోరగా వేగుతోంది. ఇప్పుడు పచ్చి కారమూ వేగిన కారమూ కలిసి, ఏ మాత్రం చప్పుడు లేకుండా, ముందు వరస ముక్కుల్లోకి వెళ్ళాయి.

తెర మీద రాజుగారి రాగం పైకి, ఇంకా పైకి వెళుతోంది. సరిగ్గా ఆ క్షణాన హాలు హాలంతా బద్దలైంది. నాన్న తప్ప అందరూ ఒకేసారి దగ్గారు. కోటయ్య బాబాయ్ ఒక చేత్తో గుండె పట్టుకుని, ఇంకో చేత్తో టీవీ వైపు చూపిస్తూ, "అదుగో... ఖళ్... దగ్గా... ఖళ్ ఖళ్... దగ్గాడు!" అంటున్నాడు.

"దగ్గేది... హాచ్... నువ్వు!" అంటున్నాడు మస్తాన్ మామ.

నాన్న ఆఖరిదాకా ఆగాడు. రాగం అయిపోయి, తెర మీద చప్పట్లు మొదలయ్యాక, అప్పుడు దగ్గాడు. పాతికేళ్ళ దగ్గు ఒక్కసారిగా వచ్చినట్టు దగ్గాడు. తలుపు గొళ్ళెం ఎవరు తీశారో తెలియదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళిద్దరూ అందరికంటే ముందు వీధిలో ఉన్నారు.

వీధంతా తలుపులు తెరిచింది. "ఏందక్కా, మీ ఇంట్లో ఏందో ఏగతంది?" అని ఎదురింటావిడ. మా వీధి కుక్క గేటు దాకా వచ్చి, రెండు తుమ్మి, వెనక్కి పోయింది. రజని బిందెలతో నీళ్ళు మోసింది. అందరికీ తడి తువ్వాళ్ళు పంచింది. అంతలో అమ్మ పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఒక కేక వినపడింది. బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"నా కారం ఏదిరా?"

"కారమేంది అమ్మా?"

"గొట్టం ముందు ఆరబోశా. గొట్టం ముందర గిన్నెలాగా గుంట పడింది! ఏడాది కారంరా!"

నాకు అప్పుడు వెలిగింది. వెలిగిన వెంటనే ఆర్పేసుకోవాలనిపించింది. "గొట్టం ముందర ఎందుకు పోశావమ్మా?"

"అడ్డం పెట్టొద్దన్నావ్, పెట్టలా. ఆరబోయొద్దన్నావా? ఆ కాగితంలో రాశావా?"

రాయలేదు. మాస్టర్ డిగ్రీ చదివి కూడా ఆ ఒక్క మాట రాయలేదు. వీధిలో ఉన్నవాళ్ళందరూ ఒకరినొకరు చూసుకుని, మొదట తుమ్మి, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నవ్వితే దగ్గు, దగ్గితే నవ్వు. మా అరుగు మీద కూర్చున్న కోటయ్య బాబాయ్ ముఖం కడుక్కుని నాన్నను చూశాడు.

"సాంబా, ఒట్టు, నాకేం వినపడలా. నా దగ్గే నాకు వినపడింది."

"మరి కేసు?" అన్నాడు మస్తాన్ మామ.

"ఏం కేసురా? ఇంతమంది ముందు నేనే ఖళ్ళు ఖళ్ళున దగ్గి సచ్చా. ఇంకొకణ్ణి ఏ నోటితో అనేది? పైగా, అందరం పడిపోయినా ఈ మొండోడు రాగం అయిందాకా దగ్గలా. నేను పక్కనే ఉండి చూశా." బాబాయ్ లేచి, మెడలో ఉన్న తడి తువ్వాలు తీసి, వీధి వీధంతా చూస్తుండగా నాన్న భుజాల మీద కప్పాడు. "శాలువా తేలేదు. దీంతో సరిపెట్టుకో. ఇక ఆ మాట ఎత్తను."

 ఆ తువ్వాలు నాన్న అన్నం తినేదాకా తీయలేదు. ఎర్రబడ్డ కళ్ళతో ఆయన నవ్వుతుంటే, అమ్మ తిట్లన్నీ నాకు దీవెనల్లాగే వినపడ్డాయి. ఆ తిట్లు కూడా తక్కువేమీ కాదు, వారం రోజులు నడిచాయి. ఆ వారం రోజులూ పడక వరండాలోనే, హాల్లో కాలు పెడితే తుమ్ములు.

కంప్యూటర్‌ను షాపుకు తీసుకెళ్ళాను. షాపతను మూత విప్పి, వంగి వాసన చూసి, నా వైపు చూశాడు. "సార్, కంప్యూటర్లలో దుమ్ము చూశా, బొద్దింకల్ని చూశా, ఎలక పిల్లల్ని చూశా. తాలింపు చూట్టం ఇదే మొదలు." జాలీ మాట ఎత్తలేదు. మంచివాడు. కడిగి, తుడిచి, ఎలాగో బతికించాడు. పెద్ద హీట్‌సింక్ మాత్రం రేకులన్నీ బంకపట్టి పనికిరాకుండా పోయింది. దాంతో పాత చిన్న ఫ్యానునే బిగించి పంపాడు. గోడ బొక్కకు అమ్మ దగ్గరుండి సిమెంటు పూయించింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నేనూ నాన్నా మాత్రమే ఉన్నాం. "ఒరేయ్, ఆ ఆఖరి పద్యం ఒకసారి పెట్టు," అన్నాడు మిషను చెవిలో పెట్టుకుంటూ. పెట్టాను. చిన్న ఫ్యాను తన పాత గుయ్యితో లేచింది. దాని మీదుగా నాన్న గొంతు, కుర్ర గొంతు, గట్టిగా స్పష్టంగా వస్తోంది. రాగం లేచింది. పైకి వెళ్ళింది. ఇంకా పైకి వెళ్ళింది. అక్కడ ఆగింది.

ఖళ్. ఖళ్ ఖళ్.

మూడు దగ్గులు. గంట కొట్టినట్టు. వెంటనే మస్తాన్ మామ హార్మోనియం హోరుమని లేచి, ఆ దగ్గును కప్పేసి, రాజుగారిని మళ్ళీ రాగంలోకి ఎక్కించింది. పాతికేళ్ళుగా మామకు ఈ సంగతి తెలుసు. ఏనాడూ ఒక్క మాట బయటపెట్టలేదు. 

నాన్న టీవీ వైపే చూస్తున్నాడు. పద్యం అయ్యాక నా వైపు తిరిగాడు.

"విన్నావంట్రా?"

"లేదు నాన్నా. ఈ ఫ్యాను మోతలో ఏం వినపడుద్ది?"

"నాకూ అంతే. పిండిమరలాగా ఉంది." మిషను తీసి, డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు. "ఈ ఫ్యాను బానే ఉందిరా. మార్చమాకు."

కాబట్టి ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఉష్ణం పాఠం చెప్పే నేను, సిమెంటు పూసిన ఆ గోడ మీద చెయ్యి పెట్టి, అమ్మ కారం జాడీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మా హాల్లో కంప్యూటర్‌ను నిశ్శబ్దం చేసే పని పెట్టుకోను. ఎవరు ఎంత మంచి హీట్‌సింక్ ఊరికే ఇచ్చినా తీసుకోను. చుట్టాలు వచ్చి నాన్న పద్యం పెట్టమంటే తప్పకుండా పెడతాను. కానీ ముందు ఆ చిన్న ఫ్యానును ఫుల్లు స్పీడులో పెట్టకుండా మాత్రం ప్లే బటన్ నొక్కను గాక నొక్కను.